అడిగినదానికే జవాబు

తలుపు తీసిన మనిషిని రేఖ చూడగానే గుర్తుపట్టింది. ఆయన తనను గుర్తుపట్టలేదన్న సంగతి కూడా ఆ మరుక్షణమే కనిపెట్టింది.

బీరంగూడలో ఒక అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు. లిఫ్టు ఆగిపోతే మెట్లెక్కి వచ్చింది. ఇంకా రొప్పు తగ్గలేదు. ఎదురుగా వీర్రాజు సార్. జిన్నారం దారిలో ఉన్న మందుల కంపెనీలో రెండేళ్ల కిందటి దాకా క్వాలిటీ మొత్తానికి ఆయనే పెద్ద. అదే కంపెనీ ల్యాబ్‌లో రేఖ ఏడేళ్లుగా పరీక్షలు చేసే పనిలో ఉంది. అందులో ఐదేళ్లు ఆయన కిందే. కానీ ల్యాబ్‌లో అందరికీ తలమీద టోపీ, మూతికి మాస్కు, కళ్లకు పెద్ద అద్దాలు. ల్యాబ్ బయట అప్పుడప్పుడు చూసిన ఆమె ముఖాన్ని ఈ రెండేళ్లలో ఆయన మరిచిపోయాడు. ఫైళ్ల అడుగున ఉండే పొట్టి సంతకం మాత్రం తెలుసు.

"ఫోన్ చేసింది మీరేనా? లోపలికి రండమ్మా," అన్నాడు ఆయన.

తిరిగి మెట్లు దిగిపోదామా అని ఒక్క నిమిషం అనిపించింది. దిగిపోతే ఇంకెక్కడికి పోవాలో తెలియక లోపలికి నడిచింది.

ఐర్లండ్‌లో ఒక మందుల ల్యాబ్ ఆమెను తీసుకుంటామన్నది. ఒకటే షరతు. ఇంగ్లీషు పరీక్షలో నాలుగు భాగాల్లోనూ తొమ్మిదింట ఆరున్నరకు తగ్గకూడదు, ఆ కాగితం ఈ నెలాఖరులోగా అందాలి. వినడం, చదవడం, రాయడం మూడూ దాటింది. మాట్లాడటం దగ్గర రెండుసార్లూ ఐదున్నరే. మూడోసారి రాయడానికి వచ్చే శనివారం కాక ఆపై శనివారం తేదీ దొరికింది. అంటే తొమ్మిది రోజులు. ఆ తర్వాత ఇంకో తేదీకి వ్యవధి లేదు. ఆ ఉద్యోగం ఇంకెవరికో పోతుంది.

ఎందుకు పోతున్నవ్ బిడ్డా అని తల్లి పోశమ్మ అడిగితే, జీతం ఎక్కువ అని చెప్పింది. అది అబద్ధం కాదు. ఆ ల్యాబ్‌లో ఒక మూల నుంచి రోజూ తల తిప్పుకుని నడవాల్సి వస్తోందని తల్లి అడగలేదు కాబట్టి, ఆమె చెప్పలేదు.

మాట్లాడటం నేర్పే మనిషి కోసం రెండు నెలలుగా తిరుగుతూనే ఉంది. పటాన్‌చెరు బస్టాండు ఎదురుగా ఉన్న ఇన్‌స్టిట్యూట్‌లో శివకుమార్ అనే కుర్ర మాస్టారు ముప్పై మందికి ఒకేసారి ముందే తయారుచేసిన వాక్యాలు వల్లె వేయించాడు. అవి పరీక్షలో ఆమె నోట్లోంచి వస్తుంటే ఎదుటి మనిషి కళ్లలో శ్రద్ధ తగ్గిపోవడం ఆమెకే కనిపించింది. తర్వాత ఫోన్లో పాఠం చెప్పే ఒక కేరళ టీచరమ్మ దొరికింది. నాలుగు రోజులు విని, నీ మాటల్లో తప్పేం లేదు, కానీ నీ మాటల్లో ఏమీ లేదు, అని చెప్పి ఊరుకుంది. చివరికి ల్యాబ్‌లో పక్క బల్ల సునంద ఒక నంబరిచ్చింది. పేరు తెలియదనీ, రిటైరైన మనిషనీ, ఒకసారికి ఒక్కరికే చెప్తడనీ అన్నది. ఆ ఒక్కరి చోటు ఇవాళ ఖాళీ అయిందని తెలిసి, మొదటి షిఫ్టు దిగి, నాలుగింటికల్లా రేఖ ఇక్కడికి చేరింది.

ఆయన తన చేతి గడియారాన్ని విప్పి బల్లమీద పెట్టాడు. ఇంగ్లీషులో అడగడం మొదలుపెట్టాడు. ఎక్కడుంటారు? జిన్నారం దగ్గర ఒక ఊళ్లో. ఏం పని చేస్తారు? ల్యాబ్‌లో పరీక్షలు చేస్తాను. ఆ పని ఇష్టమేనా? అవును.

ప్రతి జవాబు తర్వాతా ఆయన ఆగాడు. ఆమె కూడా ఆగింది. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆయన ముక్కు మీదికి చూస్తూ, ఊపిరి కూడా వినిపించకుండా కూర్చుంది. నాలుగో ప్రశ్న తర్వాత ఆయన పెన్ను కింద పెట్టేశాడు.

"ఏ కంపెనీ?" అన్నాడు తెలుగులో.

ఆమె చెప్పింది. ఆయన కాసేపు గడియారం వంకే చూశాడు. తర్వాత, నవ్వు కాని నవ్వు ఒకటి ఆయన మీసాల కింద కదిలింది.

"ఇలా మాట్లాడటం ఎవరు నేర్పారమ్మా నీకు?"

"మీరే సార్."

ఆ జవాబు ఆయనకు ముందే తెలుసు. "మీరు" పోయి "నువ్వు" రావడంతోనే ఆ సంగతి ఆమెకు అర్థమైంది.

ఫ్యాక్టరీని తనిఖీ చేయడానికి విదేశీ ఆడిటర్లు వచ్చే ముందు ప్రతిసారీ క్యాంటీన్లో బల్లలు పక్కకు జరిపి ఆయన మూడు మధ్యాహ్నాలు క్లాసు చెప్పేవాడు. అడిగినదానికే జవాబు. తెలియకపోతే తెలియదను. కాగితం ఉంటే కాగితం చూపించు. ఇవన్నీ చెప్పాక, అసలు సంగతి అని గొంతు తగ్గించేవాడు. ఆడిటర్ ప్రశ్న అడిగి, నువ్వు జవాబు చెప్పాక కూడా ఊరికే నిన్ను చూస్తూ ఉంటాడు. ఆ మౌనం ఆయనది, నీది కాదు. దాన్ని నువ్వు నింపకు. నింపావంటే, అడగనివి చెబుతావు. తర్వాత ఒక్కొక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, గడియారం పెట్టి, నిమిషం సేపు కళ్లార్పకుండా చూసేవాడు. ఉండబట్టలేక నోరు విప్పినవాళ్లను చూసి అందరూ నవ్వేవాళ్లు. రేఖ ఎన్నడూ విప్పలేదు. ఈ అమ్మాయి గోడ, అనేవాడు ఆయన మెచ్చుకోలుగా.

ఇప్పుడు ఆ గోడనే కూలగొట్టాలి. ఆ పరీక్షలో మౌనం నీదే, అని చెప్పాడు. నీకొక విషయం రాసిన కార్డు ఇస్తారు, రెండు నిమిషాలు వాళ్లు నోరు విప్పరు, నువ్వు ఆపకూడదు. తొమ్మిది రోజుల్లో అవుతుందా సార్ అని ఆమె అడగలేదు. అవుతుందని ఆయన కూడా అనలేదు.

మొదటి రోజు పదకొండు సెకన్లు. మూడో రోజు ముప్పై. నాలుగో రోజు నలభై దాటి, మళ్లీ ఇరవైకి పడిపోయింది. నచ్చిన పండుగ గురించి చెప్పమంటే బోనాలు అని చెప్పి, ఎందుకో రెండు ముక్కల్లో తేల్చి, చేతులు ఒళ్లో పెట్టుకుంది. మాటలు రాక కాదు. తర్వాతి వాక్యం గొంతు దాకా వచ్చి నిలబడేది. దీన్ని అడిగారా, అని లోపల ఎవరో ఆరా తీసేవాళ్లు. అడగలేదు. అంతే, అది వెనక్కి పోయేది. ఇంగ్లీషు అనే భాషను ఆమె ఇన్నేళ్లూ దాక్కోవడానికే వాడుకుంది. అందులోకి వెళ్లి తలుపు వేసుకోవడం తెలుసు. లోపల కూర్చుని ఎవరితోనైనా ముచ్చట పెట్టడం తెలియదు.

ఆయనకు విసుగు పుట్టింది. "ఒక్క మాట ఎక్కువ చెబితే ఏమవుతుంది నీకు? ఇక్కడ ఆడిటర్ లేడు కదా," అన్నాడు.

ఐదో రోజు ఆయన ఇచ్చిన కార్డు, మీరు ఎవరికైనా సాయం చేసిన సందర్భం చెప్పండి, అన్నది.

ఒకసారి తనతో పనిచేసే మనిషికి సాయం చేశాననీ, ఆయన సంతోషించాడనీ చెప్పి ఆమె ఆగిపోయింది. గడియారం పన్నెండు సెకన్ల దగ్గరుంది. ఆయన కదల్లేదు. ఇద్దరూ ఆ విద్యలో ఆరితేరినవాళ్లే. ఎవరు ముందు నోరు విప్పుతారని ఒకరి ముఖం ఒకరు చూస్తూ కూర్చున్నారు. కిటికీలోంచి, సాయంత్రాలు ఫ్యాక్టరీలు వదిలే మందుల వాసన లోపలికి వస్తోంది. ఎప్పుడూ లేచి కిటికీ మూసే ఆయన ఇవాళ లేవలేదు.

"ఆయన పేరు మల్లన్న," అన్నది ఆమె. తర్వాత ఆగలేదు.

మల్లన్న ల్యాబ్‌లో గాజు సామాన్లు కడిగే కాంట్రాక్టు మనిషి. యాభై ఏళ్లుంటాయి. రేఖ వాళ్ల ఊరే. ఒక మంగళవారం కడుగుతున్న సీసా జారి, అందులోని యాసిడ్ ఆయన ఎడమ కంట్లోకి చిందింది. మూలనే కళ్లు కడుక్కునే కుళాయి ఉంది. ఇలాంటప్పుడు వాడటానికే పెట్టారు. రేఖ ఆయనను పట్టుకుపోయి దాని మీట నొక్కింది. నీళ్లు రాలేదు. నేల మరమ్మతు కోసం రెండు రోజుల ముందే ఎవరో లైను కట్టేశారు. ఆమె తన తాగే నీళ్ల బాటిల్ తెచ్చి పోసింది. అది అయిపోయింది. క్యాంటీన్ నుంచి క్యాన్ తెప్పించేసరికి ఎంతసేపైందో తెలియదు. అంతసేపూ ఆయన ఆమె మణికట్టు పట్టుకునే ఉన్నాడు. ఆ సంగతి ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు. కాంట్రాక్టరు ఆయనను మళ్లీ పనికి పిలవలేదు. ఆ కంటికి ఇప్పుడు వెలుగు తప్ప ఇంకేం తెలియదు. మూడు వారాలకు విదేశీ ఆడిటర్ వచ్చి, ఆ కుళాయి ముందు నిలబడి, దీన్ని ఎప్పుడైనా వాడాల్సి వచ్చిందా అని కాదు, దీన్ని ఎప్పుడైనా వాడారా అని అడిగాడు. లేదు సార్, అన్నది ఆమె. నీళ్లే రాని కుళాయి కనుక మాటవరసకు అది నిజమే. ఆయన చాలాసేపు ఆమెను చూశాడు. ఆమె కూడా చూసింది. ఆయన ముందుకు కదిలాడు.

ఇదంతా ఇంగ్లీషులో చెబుతుంటే ఎవరికో జరిగిన సంగతిలా ఉంది. ఎక్కడో మాటలు తడబడ్డాయి, ఎక్కడో కాలాలు కలిసిపోయాయి. ఆమెకు పట్టలేదు.

వీర్రాజు చూపు బల్లమీద ఉన్న ఆమె స్టీలు బాటిల్ మీద ఆగిపోయింది. దాని మీద కంపెనీ పేరు చెక్కి ఉంది. ఆ ఆడిట్ అయ్యాక క్యాంటీన్ మీటింగ్‌లో, జవాబంటే ఇలా ఉండాలి, అని చెప్పి అందరిచేతా చప్పట్లు కొట్టించి ఆయన స్వయంగా ఇచ్చిన బహుమతి అది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు. గొంతు తెలుగులోకి, ఇంకా కిందికి దిగింది.

"మీరు అడగలే సార్."

"ఆడిట్ ముందురోజు ల్యాబ్ అంతా తిరిగాను. అన్నీ బాగున్నాయా అని నిన్నే అడిగాను."

"అప్పటికి నీళ్లొస్తున్నయి సార్."

ఆయన గడియారం చేతిలోకి తీసుకున్నాడు. రెండు నిమిషాల నలభై సెకన్లు, అని లెక్క చెప్పాడు. బాగుందని గానీ బాగాలేదని గానీ అనలేదు. రేపు రమ్మన్నాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక, మీరు అడగలే సార్ అన్నప్పుడు తన లోపల ఏదో తీయగా కదిలిందని రేఖకు గుర్తొచ్చింది. ఆయన పాఠం ఆయనకే అప్పజెప్పిన తృప్తి. దాని వెనకే, చల్లగా, ఇంకొకటి కూడా వచ్చింది. రెండు నిమిషాల నలభై సెకన్లు మాట్లాడి కూడా ఆమె ఒక సంగతి చెప్పలేదు.

ఆ కుళాయి పక్కన గోడకు ఒక కార్డు వేలాడుతుంటుంది. ప్రతి సోమవారం ఎవరో ఒకరు మీట నొక్కి, నీళ్లు వస్తున్నాయని చూసి, కార్డు మీద సంతకం పెట్టాలి. ల్యాబ్‌లో వేరే పరికరాలవీ కలిపి అలాంటి కార్డులు తొమ్మిదున్నాయి. సోమవారం పొద్దున అందరూ చేసేది ఒకటే. తొమ్మిదింటినీ కొక్కేల నుంచి తీసి, బల్ల దగ్గర కూర్చుని, పేకముక్కల్లా పరుచుకుని, వరసగా సంతకాలు పెట్టి మళ్లీ తగిలించడం. అది తప్పని కూడా ఎవరికీ తోచదు, చేతులకు అలవాటైపోయింది. మల్లన్న కంట్లో యాసిడ్ పడింది మంగళవారం. అంతకుముందురోజు కార్డు మీద ఉన్నది రేఖ సంతకం.

మర్నాడు నాలుగింటికి వెళితే తలుపు ఆయన భార్య తీసింది. సార్‌కు ఒంట్లో బాగాలేదట, పడుకున్నారట. లోపలి గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, కుర్చీ జరిగిన చప్పుడు వినిపించాయి. పడుకున్న మనిషి కుర్చీ జరపడు. ఆ తర్వాతి రోజు ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. ఇక పరీక్షకు మధ్యలో రెండు రోజులే.

వేరే మనిషిని వెతికే వ్యవధి లేదు. ఆ సాయంత్రం ఇంటి ముందు గద్దె మీద చిక్కుడుకాయలు ఒలుస్తున్న తల్లి ఎదురుగా ఫోన్లో టైము పెట్టి కూర్చుంది. ఊరికే నా దిక్కు సూడమ్మా, ఏం అనకు, అని చెప్పింది. తానే ఒక కార్డును ఊహించుకుని మాట్లాడటం మొదలుపెట్టింది. ఏ కార్డుతో మొదలుపెట్టినా మాటలు ఆ మూలకే పోతున్నాయి. పోశమ్మ ఒలుస్తూ, తలూపుతూ, మొత్తం విన్నది.

"నాకేం సమజ్ గాలే గని మంచిగనే ఇనవడ్డది," అన్నది చివరికి. "నడుమ మల్లన్న పేరు ఇనొచ్చింది. ఏంది ముచ్చట?"

"ఏం లేదమ్మా."

"పాపం, ఒంటి కన్నుతోని మేకలు మేపుతుండు. నువ్వే అప్పుడు నీళ్లు పోసినవట గద. రేఖ లేకుంటే రెండో కన్ను గూడ పోతుండె అని ఊరంత చెప్తడు. నా ముంగట్నే ఎన్నిసార్లు చెప్పిండో."

రేఖ లేచి లోపలికి పోయింది. నీళ్లు తాగుదామని గ్లాసు తీసి, తాగకుండానే పెట్టేసింది. ఆ మనిషి ఊరంతా తనకు మంచిపేరు పంచిపెడుతున్నాడు. ఆయన కూడా ఏమీ అడగలేదు.

శనివారం సిటీలో పరీక్ష. చిన్న గది, ఒక బల్ల, ఎదురుగా కళ్లద్దాల స్త్రీ, మధ్యలో మాటలు రికార్డు చేసే యంత్రం. ఊరి గురించి, పని గురించి అడిగిన ప్రశ్నలకు ఒక్కో వాక్యాన్నీ ముందుకు తోసి తోసి చెప్పింది. తర్వాత కార్డు వచ్చింది. మీరు రోజూ వెంట ఉంచుకునే ఒక వస్తువు గురించి చెప్పండి.

ఒక నిమిషం ఆలోచించుకోవచ్చన్నారు. ఆమె కాగితం మీద ఏమీ రాయలేదు.

నీళ్ల బాటిల్, అని మొదలుపెట్టింది. స్టీలుది, దాని మీద కంపెనీ పేరు ఉంటుంది. ఎదుటి స్త్రీ మాట్లాడకుండా చూస్తోంది. ఇది నాకు బహుమతిగా వచ్చింది. మౌనం. దీన్ని అడిగారా, అని లోపలి గొంతు ఆరా తీసింది. అడగలేదు, అయినా చెబుతాను, అనుకుంది ఆమె. దీనికి ముందు ఒక ప్లాస్టిక్ బాటిల్ ఉండేది. దానితో ఒక మనిషి కంట్లో నీళ్లు పోశాను. అక్కడి నుంచి వాక్యాలు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని వచ్చాయి. కుళాయి, ఆడిటర్, చప్పట్లు. ఇది మోసుకు తిరగడం నాకు ఇష్టం లేదు, కానీ ఇంట్లో పెట్టి రాలేను, అని కూడా చెప్పింది. ఆ సంగతి చెప్పేదాకా ఆమెకే తెలియదు. ఇక ఒక్కటే మిగిలింది. ఆ గోడ మీద ఒక కార్డు ఉండేది, ముందురోజు దాని మీద, అంటుండగా ఎదుటి స్త్రీ చెయ్యి కొద్దిగా ఎత్తింది.

థాంక్యూ, అన్నది. రెండు నిమిషాలు అయిపోయాయి. జీవితంలో మొదటిసారి రేఖను ఇంకొకరు ఆపాల్సి వచ్చింది.

తర్వాతి ప్రశ్న, ఈ రోజుల్లో మనుషులు వస్తువులు ఎక్కువగా కొంటున్నారని మీరు అనుకుంటున్నారా, అని. ఆమె దానికి కూడా చాలాసేపు జవాబు చెప్పింది. మిగిలిన వాక్యం మాత్రం నాలుక మీదే ఉండిపోయింది. బయటికి వచ్చి బస్సెక్కినా, ఇల్లు చేరి అన్నం తిన్నా, అది అక్కడే ఉంది.

గురువారం మధ్యాహ్నం, షిఫ్టు దిగి గేటు బయట బస్సు కోసం నిలబడి ఉండగా ఫలితం వచ్చింది. మాట్లాడటం, ఆరున్నర. మిగతావి కూడా తగ్గలేదు. అంకెను రెండుసార్లు చూసుకుంది. పక్కనున్న రాయి మీద కూర్చుంది. అప్పుడే ఫోన్ మోగింది. వీర్రాజు సార్.

ఎంతొచ్చిందని ఆయన అడగలేదు. ఆమె చెప్పలేదు. ఒంట్లో ఎట్లుంది సార్ అని అడగబోయి, అడగకుండా ఊరుకుంది.

"ఆ మల్లన్న ఇల్లెక్కడ?" అన్నాడు ఆయన.

"మా ఊర్లనే సార్."

అవతల మాట లేదు. లారీ ఒకటి దుమ్ము లేపుతూ పోయింది. ఆయన ఫోన్ పెట్టేయలేదని ఊపిరి చప్పుడును బట్టి తెలుస్తోంది. ఈ మౌనం ఆమెకు కొత్త కాదు. దీని ముందు నిమిషాలకు నిమిషాలు గోడలా కూర్చున్న మనిషే ఆమె. అడిగినదానికి జవాబు అయిపోయింది కూడా.

"సార్," అన్నది. "నీళ్లొస్తున్నయా అని సోమారం సోమారం కార్డు మీద సంతకం పెడ్తం గద. ఆ వారం పెట్టింది నేనే. మీట నొక్కి సూడలే. బల్ల కాడ కూసోనే పెట్టిన."

ఆమె ఆగలేదు.

"మల్లన్న కాకకు గూడ ఇది తెల్వది. నేను మంచిదాన్నని చెప్పుకుంట తిరుగుతుండు. రేపు గూడ నాది మొదటి షిఫ్టే, రెండింటికి దిగుత. మీరు జిన్నారంల బస్సు దిగి ఆడనే ఉండుండ్రి. నేనొచ్చి తోల్కపోత. ముందుగాల నేను చెప్త సార్, తర్వాత మీరు ఏమన్న చెప్పేదుంటే చెప్పుండ్రి."